కొండగొర్రె

నేను చెంచు గూడెంలో పుట్టినాను. ఈ మాట చాలా చోట్ల చెప్పుకున్నాను. ట్రైనింగ్ క్లాసుల్లో, ఆదివాసీ దినోత్సవం సభల్లో, కొత్తగా వచ్చిన టీచర్ల ముందర. అడవి మా ఇల్లు, అడవే మా బడి అని మైకు పట్టుకొని చెప్తే చప్పట్లు కూడా కొట్టినారు. పోయిన ఫిబ్రవరిలో పచ్చర్ల జంగిల్ క్యాంపులో ఒక రాత్రి ఉండి వచ్చినాక ఆ మాట మునుపటంత ధైర్యంగా నోట్లోంచి రావడం లేదు. ఎందుకో చెప్తాను.

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డు గాజులపల్లె దాటినాక అడవిలో పడుతుంది. ఆ దారిలోనే పచ్చర్ల. అక్కడ అటవీ శాఖ వాళ్ల క్యాంపు ఉంది. ఉండడానికి గది, భోజనం, జీపులో అడవి తిప్పడం, గైడుతో నడక. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో ఇట్లాంటిదే ఇంకోటి ఉంది, అక్కడ మన చెంచులే చాలా పనులు చూసుకుంటారు. ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల బళ్లలో పనిచేసే మేం ఐదుగురం టీచర్లం రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చినాయని బయలుదేరినాం. నిజం చెప్పాలంటే నాకు పోవాలని లేదు. డబ్బు కట్టి అడవిలో పండుకోవడమేంటని లోపల ఒక గీర. మా అమ్మకు చెప్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “అడివిలో పండుకునేదానికి దుడ్లు కట్టేదేందిరా, మేం అన్నేండ్లు ఊరికే పండుకుంటిమే” అంది.

మాతో వచ్చిన మేడం ఒకామె ఫోనులో కోస్టారికా అనే దేశం వీడియోలు చూసి వచ్చింది. అక్కడ వానల అడవి మధ్యలో లాడ్జీ. పొద్దున టిఫిన్ తింటా తలెత్తితే కొమ్మకు వేలాడే జంతువు, ఎర్ర కప్పలు, పెద్ద ముక్కు పక్షి. పచ్చర్లలో కూడా అట్లనే అనుకుంది. నేను సైన్సు చెప్పే మనిషిని గదా, దారి పొడుగునా వివరించినాను. అవి ఏడాదంతా వానలు పడే అడవులు, మన నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరికి సగం చెట్లు బోడిగా ఉంటాయి. దూరం కనపడుతుంది, అది మేలు. కానీ కింద టేకాకు అప్పడం లాగా ఎండి ఉంటుంది, మన అడుగు మనకంటే ముందు జంతువుకు వినపడుతుంది. ఇంక పెద్దపులి సంగతి. 2022 లెక్కల్లో మన రాష్ట్రం మొత్తానికి వచ్చిన సంఖ్య 63. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మన వైపు భాగమే మూడు వేల ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైన. భాగహారం చేసి చూసుకోండి, ఒక్కొక్క పులికి ఎంత జాగా వస్తుందో. ఈ లెక్క చెప్పినప్పుడు బస్సులో నాకు చాలా గొప్పగా అనిపించింది. మరుసటి రోజుకు ఆ గొప్ప మిగల్లేదు.

శనివారం మధ్యాహ్నం జీపులో తిరిగినాం. రెండు దుప్పులు, ఒక నెమలి తోక, రోడ్డు పక్కన కొండముచ్చుల గుంపు. జీపు చప్పుడుకు ఇంకేం ఆగుతాయి. దాని గురించి రాసేదేం లేదు.

సాయంత్రం నడక. గైడుగా వచ్చినవాడు మా చిన్నాయన కొడుకు. వాడక్కడ పనిచేస్తున్నాడని తెలుసు, ఆ రోజు మాకే వస్తాడని తెలీదు. నన్ను చూసి నవ్వి, మిగతావాళ్ల ముందర “రాండి సారూ” అన్నాడు. ఎన్నడూ అన్నా అనేవాడు. ఒకే ఏడు ఇద్దరినీ హాస్టల్లో వేసినారు. రెండో వారానికే వాడు పారిపోయి నడిచి గూడెం చేరినాడు, నేను ఉండిపోయినాను. అంతే తేడా. నేను టీటీసీ చేసినాను, వాడు తేనె తీసినాడు, తపసి బంక గీసి అమ్మినాడు, కొన్నాళ్లు అటవీ శాఖ బేస్ క్యాంపులో వాచరుగా చేసినాడు.

బయలుదేరే ముందు మా అందరినీ వరసగా చూసినాడు. తెల్ల చొక్కా వేసుకున్న సారును గదిలోకి పంపి మార్చుకొని రమ్మన్నాడు. ఇంకో సారు సెంటు కొట్టుకొని ఉంటే ఆయన్ను వరసలో చివర పెట్టినాడు. గుప్పెడు మెత్తటి దుమ్ము తీసి వదిలి అది ఏ దిక్కుకు పోతుందో చూసినాడు, మేం పోవాలనుకున్న దారి మార్చినాడు. మాట్లాడొద్దని చెప్పలేదు. “మీరు మాట్లాడితే నాకు ఇనపడదు సారూ” అన్నాడు. నేను చెయ్యెత్తితే ఎత్తిన కాలు ఎత్తినట్లే నిలపండి అన్నాడు.

అర్ధగంట పోయినాక చెయ్యెత్తినాడు. వాగు అవతల గట్టు మీద చూపించి, “కణితి” అన్నాడు పెదవులతోనే. నేను చూసినాను. మద్ది చెట్లు, వెదురు పొద, ఎండిన గడ్డి. “చెట్టును సూడొద్దు, చెట్టు సందును సూడు. చెట్లన్నీ నిలువు గదా, అడ్డంగా ఏముందో సూడు.” చూసినాను. “చెవి ఆడిస్తాంది, సూడు.” అప్పటికి మేడంకు కనపడింది. తండా నుంచి వచ్చిన సారుకు కనపడింది. ఆయన చిన్నప్పుడు మేకలు కాసినాడు. సెంటు సారుకు కూడా కనపడింది. నాకు కనపడలేదు. ఐదుగురిలో చెంచును నేనొక్కణ్ణే. ఏం చేయాలో తెలీక తల ఊపి, “ఆ, ఆ, కనపడింది” అన్నాను.

అది ఒక్కసారి గట్టిగా కూత వేసి పోయింది. అప్పుడు కనపడింది నాకు, దాని పిర్ర.

ఆ నడకలో వాడు చూపించినవి ఇక్కడ రాస్తాను, మన టీచర్లకు పనికొస్తాయి. పుట్ట ఒకటి పక్క నుంచి పగిలి లోపలికి బొక్క పడి ఉంది. ఎలుగొడ్డు గోళ్లతో తవ్వి, మూతి పెట్టి చెదల్ని పీల్చిందని చెప్పినాడు. ఇంకొంచెం పోతే దాని పెంట, నిండా రేగు గింజలు. ఇంకో నెలకు ఇప్పపూలు రాలడం మొదలైతే పెంట రంగు మారుతుందట. వాగు ఇసుకలో చిరుత అడుగు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోరు లోపలికి ముడుచుకుంటుంది, అందుకే అడుగులో గోరు గుర్తు ఉండదు. కుక్కకు, నక్కకు ఉంటుంది. ఈ ముక్క పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పినవాణ్ణే. కానీ మేడం “ఇది ఎప్పటిది?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాడు మోకాలి మీద కూర్చొని చూసినాడు. “రాత్రి మంచు పడక ముందరిది. అడుగు లోపల కూడా మంచు చుక్కల గుర్తులు ఉండాయి సూడండి. అంచు మీద నుంచి చీమలు దారి ఏసుకున్నాయి” అన్నాడు. చూస్తే నిజమే, ఆ ఇసుక మీద సన్నటి చుక్కలు. తెల్లారి మంచు తర్వాత నడిచి ఉంటే ఆ చుక్కల్ని తొక్కేసి ఉండేది.

వాగు దగ్గర్లో దారి పక్కన ఒక చోట పెంటికలు కుప్పగా పడి ఉన్నాయి. కొన్ని ఎండి తెల్లబడినవి, కొన్ని నల్లగా తడివి. “ఇది కొండగొర్రె జాగా. రోజూ ఆడికే వస్తాది. నీళ్లకు దూరం పోదు” అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయినాను. ఆ మాట నాకు ఇంకో చోట తగిలింది.

రెండేండ్ల కింద నాలుగో తరగతికి పరిసరాల విజ్ఞానంలో ఒక చిన్న పరీక్ష పెట్టినాను. ‘అడవి జంతువుల పేర్లు ఐదు రాయండి.’ గోడ మీద నంద్యాలలో కొన్న చార్టు ఉంది. సింహం, ఏనుగు, జిరాఫీ, జీబ్రా, ఒంటె. నల్లమలలో వాటిలో ఒక్కటీ లేదు. పిల్లలందరూ చార్టు చూసి రాసినారు, అందరికీ ఐదుకు ఐదు. ఒక పిల్లవాడు మాత్రం ఏదు, అలుగు, కణితి, రేచుకుక్క, కొండగొర్రె అని రాసినాడు. నాలుగింటికి టిక్కు కొట్టినాను. ఐదోదానికి ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టి, పక్కన ‘గొర్రె పెంపుడు జంతువు’ అని రాసినాను. ఆ పిల్లవాడు ఇప్పుడు నా ముందర మోకాలి మీద కూర్చొని పెంటికలు చూపిస్తున్నవాడి కొడుకు.

కొండగొర్రె గొర్రె కాదు, మేక కాదు. హిందీ వాళ్లు చౌసింగా అంటారు, నాలుగు కొమ్ములది అని. మగదానికి చెవుల మధ్య రెండు కొమ్ములు, నుదుటి మీద ఇంకో రెండు చిన్నవి. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములది ప్రపంచం మొత్తానికి ఇదొక్కటే. ఉండేది ఇండియాలో, కొంచెం నేపాల్లో. మేకంత ఉంటుంది, గుంపులు కట్టదు, ఒంటరిగానో జతగానో తిరుగుతుంది. ఇదంతా నేను ఇంటికి పోయినాక చదివి తెలుసుకున్నది. ఆ రోజు సాయంత్రం నాకు తెలిసింది ఒకటే, ఆ అడ్డగీత తప్పు.

అది నేను చూడకపోవడానికి కారణం ఉంది. నాకు ఆరేండ్లప్పటి నుంచి అడవి అంటే సెలవులు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం. హాస్టల్లో మా గూడెం పేర్లు పలికితే మిగతా పిల్లలు నవ్వేవాళ్లు. నేను ఆ పేర్లు మానుకున్నాను, తర్వాత అవి మరిచిపోయినాను. ఎవరూ నా దగ్గర గుంజుకోలేదు. నేనే వదిలేసినాను, మార్కుల కోసం.

రాత్రి భోజనాలయినాక వాడు టార్చి తెచ్చినాడు. క్యాంపు దగ్గర్లోనే తిప్పినాడు, చీకట్లో లోపలికి పోయేదానికి పర్మిషన్ లేదు. టార్చిని చేత్తో ముందుకు చాపి పట్టుకోకూడదట. చెవి పక్కన, కంటికి దగ్గరగా ఆనించి పట్టుకోవాలి. అప్పుడే వెలుతురు జంతువు కంట్లో పడి తిరిగి మన కంటికి వస్తుంది. అట్ల పట్టుకొని తిప్పితే నేల మీద గడ్డిలో సూది మొనంత పచ్చ మెరుపులు. అవి సాలెపురుగుల కండ్లు. ఇది మీ పిల్లలతో బడి గ్రౌండులోనే చేసి చూడండి, అడవి అక్కర్లేదు. నేను చేసినాను. పిల్లలు రాత్రి పదింటి దాకా ఇండ్లకు పోలేదు.

సాలెపురుగు అంటే గుర్తొచ్చింది. ఆ రాత్రి వాడు ఒక పాత చెట్టు తొర్ర చూపించినాడు. ఏ చెట్టో, ఎక్కడో రాయను. తొర్ర అంచున నాలుగు కాళ్లు బయటికి పెట్టుకొని ఉంది, అరచేయంత సాలె. టార్చి పడగానే నీలం. మామూలు నీలం కాదు, కొత్త పట్టుచీర అంచు నీలం, మధ్య మధ్య పసుపు చారలు. రెప్పపాటులో లోపలికి పోయింది. దాని కథ నాకు తర్వాత తెలిసింది. 1899లో గుత్తిలో దొరికిన ఒక సాలెపురుగుకు లండన్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే ఆయన శాస్త్రీయ నామం పెట్టినాడు. ఆ తర్వాత వందేండ్లు దాని జాడ శాస్త్రవేత్తలకు చిక్కలేదు. గుత్తిలో ఎంత వెతికినా లేదు. 2001లో దొరికింది, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. గుత్తి ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. మన అడవి నుంచి రైలు బండిలో కట్టెలతో పాటు పోయి ఆడ దిగి ఉంటుందని వాళ్ల అంచనా. బతకడం చాలా కష్టమైన జంతువుల పట్టీలో దాన్ని చేర్చినారు. కానీ దాని అందం దానికి చేటు. విదేశాల్లో గాజు పెట్టెలో పెట్టుకొని పెంచుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. అందుకే చెట్టు సంగతి రాయనన్నాను. ఎవరన్నా కారులో వచ్చి, తొర్రలో ఉండే సాలె చూపిస్తే డబ్బులిస్తామంటే మన పిల్లలు ఏం చెప్పాలో ముందే నేర్పి పెట్టండి.

“దాని పేరేంది?” అని వాణ్ణి అడిగినాను. “సాలె అంటాం అంతే. మా నాయిన తొర్రలో చెయ్యి పెట్టొద్దనేవాడు, కరిస్తే మంట అని” అన్నాడు. వందేండ్లు కనపడలేదని పుస్తకాలు రాసిన పురుగు గురించి మా చిన్నాయనకు అంత తెలుసు.

కలివికోడి సంగతీ అట్లాంటిదే. 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో ఆళ్లగడ్డకు దక్షిణంగా కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ బయటపడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే ఐతన్న అనే అక్కడి వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి బతకలేదు, అది వేరే బాధ. దాని తర్వాత అక్కడ అభయారణ్యం వచ్చింది. కలివికోడి పాఠంగా వచ్చినప్పుడు ఐతన్న పేరు కూడా చెప్పండని తోటి టీచర్లను అడుగుతున్నాను. కేరళలో పెరియార్ అడవిలో ఒకప్పుడు చెక్క, బెరడు దొంగతనంగా తీసినవాళ్లనే గైడ్లుగా పెట్టుకున్నారు. అడవి దారి తెలిసింది వాళ్లకేనని.

అయితే వీటిని మరీ తియ్యగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మన పెద్దవాళ్లకు జాడలు తెలిసింది వేట వల్ల. 1972 చట్టం వచ్చినాక వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం తేనెకు, బంకకు, గడ్డలకు హక్కు ఇచ్చింది, వేటకు ఇవ్వలేదు. ఇవ్వాలని కూడా నేను అనను. కానీ వేట పోయినాక ఆ చూపు ఎవరికి, ఎట్లా మిగలాలి అన్నది ఎవరూ ఆలోచించలేదు. అడవి తమాషా కూడా కాదు. 2024లో పచ్చర్ల దగ్గరే కట్టెలకు పోయిన ఒకామెను చిరుత చంపేసింది. గూడెంలో ఆడవాళ్లు ఇప్పటికీ ఒంటరిగా పోరు.

మిగతావాళ్లు పండుకున్నాక మేమిద్దరం మంట దగ్గర కూర్చున్నాం. అప్పుడు మళ్లీ అన్నా అన్నాడు. “అన్నా, కణితి నీకు కనపడలా గదా.” లేదు అన్నాను. వాడు నవ్వలేదు. “కనపడకపోతే కనపడలేదనాల. కనపడిందంటే నేను ముందుకు పోతా. పులి అయ్యుంటే ఏం జేస్తావు?” అన్నాడు. నన్ను ఎవరన్నా క్లాసు పీకి చాలా ఏండ్లయింది.

కొడుకు సంగతి అడిగినాను. ఇప్పుడు ఆరో తరగతి, ఆశ్రమ పాఠశాలలో ఉన్నాడు, శనివారం ఇంటికి వచ్చినాడట. “వాణ్ణి గైడు చేస్తావా?” అంటే ఒప్పుకోలేదు. 2023 మార్చిలో పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు దొరికినప్పుడు తల్లి జాడ కోసం ఎన్ని రోజులు వెతికినారో చెప్పినాడు. తల్లీ పిల్లల్ని కలపడం కుదరక కూనల్ని చివరికి తిరుపతి జూకు పంపినారు. “జాడ సూసేవానికి దినకూలీ అన్నా. రాసుకునేవానికి నెల జీతం. నా కండ్లు వానికి రానీ, నా కూలీ వద్దు” అన్నాడు. దీనికి నేనేం చెప్తాను. రాసుకునేవాడి వైపు ఉన్నది నేను.

పొద్దున టీ తాగుతుంటే దూరంగా కొండముచ్చు దగ్గినట్లు అరిచింది. మేడం కప్పు పెట్టేసి లేచింది. వాడు కూర్చోమన్నాడు. మనుషుల్ని చూస్తే అది ఒకటి రెండుసార్లు దగ్గి ఊరుకుంటుందట, చిరుతను చూస్తే అది కనుమరుగయ్యేదాకా ఆపదు. కింద దుప్పులు కూడా దాంతో గొంతు కలుపుతాయి. చెట్టు మీద నుంచి అది దూరం చూస్తుంది, నేల మీద నుంచి ఇవి వాసన పడతాయి, అందుకే రెండూ ఒకే చోట ఉంటాయి. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వచ్చింది వాడి కొడుకు. గూడెం నుంచి నడుచుకుంటా వచ్చినాడు.

రెండో నడకకు పిల్లవాడు ముందర, నాయిన వాని వెనక, మేం అయిదుగురం తర్వాత. మా సెంటు సారు ఆ రోజు స్నానం కూడా సబ్బు లేకుండా చేసి వచ్చినాడు, మనిషి మారిపోయినాడు. నిన్నటి వాగు దగ్గరికి పోయేసరికి ఏడు దాటి ఉంటుంది. పిల్లవాడు చెయ్యెత్తినాడు. ఎత్తిన కాలు అట్లనే నిలిపినాను. పిక్క పట్టేసింది. వాడు వేలు కూడా చూపించలేదు, గడ్డంతో చూపించినాడు.

ఈసారి నేను చెట్టును చూడలేదు. మోదుగ చెట్టు సందులో, పొద కింద, అడ్డంగా ఒక గీత. మట్టి రంగు. ఆ గీతకు కింద సన్నటి కాలు. ఆ కాలు ముందర నల్లటి చార. తర్వాత చెవి కదిలింది. తర్వాత మొత్తం జంతువు ఒక్కసారిగా వచ్చినట్లు కనపడింది, అంతసేపూ అది అక్కడే ఉన్నా. వాగులోకి దిగింది. అడుగు పెట్టే ముందు కాలు ఎత్తి గాల్లో ఆపి, అప్పుడు పెడుతుంది. నీళ్లు తాగుతా మూడు సార్లు తలెత్తింది. నాలుగో సారి మా వైపు చూసి, గడ్డిలోకి తల వంచుకొని పోయింది. ఒక నిమిషం కూడా లేదు.

“కొమ్ములు లేవే?” అని గొణిగినాను.

“ఆడది సారూ” అన్నాడు పిల్లవాడు.

క్యాంపుకు తిరిగి వచ్చేటప్పుడు వాణ్ణి పక్కకు పిలిచి చెప్పినాను. నాలుగో తరగతిలో నీ పేపరులో ఒక మార్కు తప్పుగా తీసేసినాను, తప్పు నాది అన్నాను. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

“తెలుసు సారూ” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మీరు దాన్ని సూసి ఉండరని.”

“మరి అప్పుడే చెప్పొచ్చు కదరా.”

వాడు నేల చూసుకుంటా నడిచినాడు. “తప్పు పెట్టినాక మళ్ల మారుస్తారా సారూ?” అన్నాడు.

వచ్చినాక ఆ పేపరు కోసం బీరువా వెతికినాను. పాత పేపర్లన్నీ ఏడాది చివర కాటాకు అమ్మేసి పిల్లలకు బిస్కెట్లు పంచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నంద్యాల చార్టు తీసేసినాను. దాని జాగాలో తెల్ల కాగితం అంటించి, గూడెంలో మీ ఇండ్లల్లో చెప్పే పేర్లు తెచ్చి రాయమన్నాను. సింహం, ఏనుగు నేర్పనని కాదు, అవి పుస్తకంలో ఎట్లాగూ ఉన్నాయి. మా తమ్ముణ్ణి నెలకు ఒక శనివారం బడికి పిలుస్తున్నాను. మొదటిసారి ఇరవై ఇద్దరు పిల్లలతో అడవి అంచున నడిచినాం, లోపలికి పోలేదు. తీతువు పిట్ట తప్ప ఒక్క జంతువు కనపడలేదు. అది కూడా మా గోలకు అరుస్తా పైకి లేచింది. ఒక పాపకు ముల్లు దిగింది. మరుసటి రోజు ఇద్దరు తల్లులు వచ్చి, “అడివి మాకు తెలీదా సారూ, దానికి నీ దగ్గరికి పంపాల్నా? ఇంగ్లీషు సెప్పు” అన్నారు. వాళ్ల మాట తప్పని నేను అనలేను. ఇంగ్లీషు పీరియడు తగ్గించలేదని చూపించినాను. ఆ శనివారాన్ని రిజిస్టరులో ఏ పద్దు కింద రాయాలో తెలీక కొన్నాళ్లు ‘క్షేత్ర పర్యటన’ అని రాసినాను, కొన్నాళ్లు ‘ఆటలు’ అని. తమ్ముడికి రోజు కూలీ నేనే ఇస్తున్నాను. తీసుకోనన్నాడు. జాడ చూసేవాడికి కూలీ తక్కువని నువ్వే అన్నావు గదా అంటే తీసుకున్నాడు.

రెండోసారికి పన్నెండు మందినే తీసుకొని పోయినాం, మిగతావాళ్లకు మరుసటి నెల. అలుగు తవ్విన బొక్క చూసినారు, ఏదు ముల్లు ఒకటి దొరికింది. ముల్లు దొరికిన పిల్ల దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, దాంతోనే పేజీలకు గీతలు గీసుకుంటోంది.

గోడ మీద కాగితంలో ఇప్పటికి నలభై ఒక్క పేర్లు చేరినాయి. కొండగొర్రె అని మొదట నేనే రాసినాను. మిగతావి పిల్లలవి. వాటిలో ఆరు నేను ఇంకా చూడలేదు, రెండు ఏ జంతువులో కూడా నాకు తెలీదు. వచ్చే శనివారం తమ్ముణ్ణి అడగాలి.